బెర్లిన్ గోడ

అరవై నాలుగు గళ్ళ చరిత్ర: 17వ భాగం

2000 అక్టోబరు 8, ఆదివారం. లండన్‌లో పడమటి వైపున, థేమ్స్ ఒడ్డున హామర్‌స్మిత్ అనే పేట ఉంది. అక్కడి రివర్‌సైడ్ స్టూడియోస్‌లో ఒకప్పుడు సినిమాలు తీశారు, తరవాత బీబీసీ వాళ్ళు టీవీ కార్యక్రమాలు తీశారు. ఆ రోజు దీపాల కింద ఒక చదరంగం బోర్డు, దానికి చెరో పక్క ఒక మనిషి. తెల్ల పావుల వైపు గ్యారీ కాస్పరోవ్. వయసు 37, నెత్తిన కిరీటం పెట్టుకుని దాదాపు 15 ఏళ్ళు. నల్ల పావుల వైపు వ్లదిమిర్ క్రామ్నిక్. వయసు 25, కాస్పరోవే వెలుగులోకి తెచ్చిన కుర్రాడు. 16 ఆటల ప్రపంచ పోటీలో అది మొదటి ఆట.

ఎనిమిది ఎత్తులు గడిచేసరికి మంత్రులిద్దరూ బోర్డు దిగిపోయారు. 25వ ఎత్తు దగ్గర ఆటగాళ్ళు చేతులు కలిపారు. డ్రా. చెరో అర పాయింటు. ఎవరి రాజుకూ ప్రాణం మీదికి రాలేదు, ఎవరూ ఏనుగును బలి ఇవ్వలేదు. టిక్కెట్టు కొనుక్కుని వచ్చినవాళ్ళలో కొందరైనా ఆవులించే ఉంటారు.

ఈ ధారావాహికలో ఇన్నాళ్ళూ గెలిచిన ఆటలే చెప్పుకుంటూ వచ్చాం. కిందటి భాగం 1995లో, న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ 107వ అంతస్తులో, ఆనంద్ మీద కాస్పరోవ్ గెలుపుతో ముగిసింది. ఈసారి ఎవరూ గెలవని ఆట. అయినా ఒక రాజ్యం చేతులు మారడం ఆ పాతిక ఎత్తుల్లోనే మొదలైందని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

ముందుగా ఒక మాట. పావుల పేర్లు మనకు ఊరూరికీ మారతాయి. ఈ వ్యాసం వరకు, మూలల్లో నిలబడి తిన్నగా నడిచేది ఏనుగు, ఐమూలగా నడిచేది శకటు, ఇంగ్లీషువాళ్ళు రాణి అని పిలిచేది మన మంత్రి.

క్రామ్నిక్ 1975లో నల్ల సముద్రం ఒడ్డున తువాప్సే అనే ఊళ్ళో పుట్టాడు. చిన్నప్పుడే మాజీ ప్రపంచ విజేత బోత్విన్నిక్, కాస్పరోవ్ కలిసి నడిపిన చదరంగం బడిలో చదువుకున్నాడు. సోవియట్ యూనియన్ విడిపోయిన మరుసటి ఏడు, 1992లో, మనీలాలో ఒలింపియాడ్. కొత్తగా ఏర్పడ్డ రష్యా జట్టులోకి 16 ఏళ్ళ క్రామ్నిక్‌ను తీసుకోవాలని కాస్పరోవ్ పట్టుబట్టాడు. అప్పటికి ఆ పిల్లవాడు ఇంకా గ్రాండ్‌మాస్టర్ కూడా కాదు. పెద్దలు గొణిగారు. కుర్రాడు 9 ఆటలాడి 8 గెలిచి, ఒకటి డ్రా చేసి, బంగారు పతకంతో తిరిగొచ్చాడు. 1995లో ఆనంద్‌తో పోటీకి కాస్పరోవ్ సిద్ధమైనప్పుడు సహాయకుల బృందంలో క్రామ్నిక్ ఉన్నాడు. అంటే గురువుగారి వంటింట్లోకి నేరుగా నడిచి వెళ్ళినవాడన్నమాట. ఏ డబ్బాలో ఏ మసాలా ఉందో, ఏది ఎంతసేపు నూరతారో చూసినవాడు. ఆ చూపుకు అయిదేళ్ళ తరవాత విలువ వచ్చింది.

అసలు ఆ కుర్చీలో క్రామ్నిక్ కూర్చోవాల్సిందేనా అన్నది వేరే పంచాయితీ. 1993లో కాస్పరోవ్, నైజెల్ షార్ట్ ఇద్దరూ ప్రపంచ చదరంగ సమాఖ్యతో తెగతెంపులు చేసుకుని విడిగా ఆడుకున్న నాటి నుంచి కిరీటాలు రెండయ్యాయి. కాస్పరోవ్ కిరీటం కాస్పరోవ్‌ది, సమాఖ్య కిరీటం సమాఖ్యది. 1998లో స్పెయిన్‌లోని కాజోర్లాలో క్రామ్నిక్, అలెక్సీ షిరోవ్ తలపడ్డారు. గెలిచినవాడికి కాస్పరోవ్‌తో ఆడే హక్కు. షిరోవ్ గెలిచాడు, ఒక్క ఆట కూడా ఓడకుండా. కానీ డబ్బు పెట్టేవాళ్ళు దొరక్క ఆ పోటీ జరగనే లేదు. తరవాత ఆనంద్‌ను అడిగారు. మాటలు తెగలేదు. చివరికి, అర్హత పోటీలో ఓడిన క్రామ్నిక్‌కు పిలుపొచ్చింది. షిరోవ్‌కు జరిగింది అన్యాయమే. ఆ మాట చెప్పకుండా ఈ కథ ముందుకు నడపడం బాగుండదు కాబట్టి చెప్పి కదులుతున్నాను.

ఇక ఆటలోకి. ఇంట్లో బోర్డు ఉంటే ముందు పెట్టుకోండి, లేకపోయినా నష్టం లేదు.

కాస్పరోవ్ రాజు ముందున్న బంటును రెండు గళ్ళు నడిపాడు. క్రామ్నిక్ కూడా అంతే. రెండు బంట్లూ పందెపు పొట్టేళ్ళలా నుదురూ నుదురూ ఆనించి నిలబడ్డాయి. తెల్ల గుర్రం బయటికొచ్చి నల్ల బంటు మీద కన్నేసింది. మంత్రి వైపు నల్ల గుర్రం వచ్చి ఆ బంటుకు కాపు కాసింది. మూడో ఎత్తులో తెల్ల శకటు ఐమూలగా జారుకుంటూ వచ్చి, కాపలా కాసే ఆ గుర్రానికే గురిపెట్టింది.

ఇక్కడి దాకా వచ్చిన ఆటకు రుయ్ లోపెజ్ అని పేరు. రుయ్ లోపెజ్ 16వ శతాబ్దపు స్పెయిన్ క్రైస్తవ పూజారి, సొంతూరు సాఫ్రా. 1561లో చదరంగం మీద పుస్తకం అచ్చువేశాడు. ఎదుటివాడి కళ్ళలో ఎండ పడేలా బోర్డు వేసుకోమని సలహా ఇచ్చిన పెద్దమనిషి కూడా ఈయనే. ఆ సలహా మరుగునపడింది గానీ శకటు ఎత్తు మాత్రం నాలుగున్నర శతాబ్దాలుగా వాడుకలో ఉంది.

శకటు అలా వచ్చి కూర్చున్నప్పుడు నల్లవాడు సాధారణంగా అంచునున్న చిన్న బంటును ఒక గడి జరిపి, ‘కొడతావా, లేస్తావా’ అని దాన్ని నిలదీస్తాడు. కాస్పరోవ్ ఇంటి దగ్గర కసరత్తు చేసుకొచ్చింది చాలావరకు ఆ దారిలోనే అయి ఉండాలి. క్రామ్నిక్ ఆ బంటును ముట్టుకోలేదు. రెండో గుర్రాన్ని తెచ్చి తెల్ల బంటు మీదికి తోలాడు. ఈ ఎత్తు పేరు బెర్లిన్ రక్షణ.

పేరు 19వ శతాబ్దం నాటిది. 1830ల చివర బెర్లిన్‌లో ఏడుగురు మొనగాళ్ళు కలిసి ఆడేవాళ్ళు, కలిసి విశ్లేషించేవాళ్ళు. ఆకాశంలోని కృత్తికల గుంపును తలచుకుని జనం వాళ్ళను ‘బెర్లిన్ కృత్తికలు’ అన్నారు. వాళ్ళలో పాల్ రుడోల్ఫ్ ఫాన్ బిల్గర్ అనే సైనికాధికారి అప్పటికి తెలిసిన ఓపెనింగులన్నిటినీ, అంటే ఆట మొదలుపెట్టే పద్ధతులన్నిటినీ, ఒక గ్రంథంగా కూర్చడం మొదలుపెట్టి, 25 నిండకుండానే 1840లో కన్నుమూశాడు. మిత్రుడు ఫాన్ డెర్ లాసా ఆ పని పూర్తిచేసి 1843లో అచ్చు వేయించాడు, బిల్గర్ పేరుతోనే. జర్మన్ ఆటగాళ్ళకు ఆ పుస్తకం రెండు మూడు తరాల పాటు పెద్దబాలశిక్ష. ఆ ఊళ్ళో నలిగిన రక్షణకు ఆ ఊరి పేరే నిలిచింది. ఆ శతాబ్దం చివర లాస్కర్, పిల్స్‌బరీ లాంటి ఘనులు కూడా దీన్ని ఆడారు. 20వ శతాబ్దంలో క్రమంగా అటక ఎక్కింది. అక్కడక్కడా ఒకరిద్దరు దింపి దుమ్ము దులిపేవాళ్ళు, అంతే. ప్రపంచ కిరీటం కోసం ఆడే ఆటలో 2000లో దీన్ని ఎవరైనా బయటికి తీస్తారని అనుకునే వాతావరణం లేదు.

నాలుగో ఎత్తు. కాస్పరోవ్ తన బంటును కాపాడుకోలేదు, కోట కట్టుకున్నాడు. అంటే ఒకే ఎత్తులో రాజు మూల వైపుకు, ఏనుగు నడిమి వైపుకు. (మన పాత దేశవాళీ ఆటలో కోట లేదు. రాజుకు ఆట మొత్తం మీద ఒక్కసారి గుర్రంలా దూకే హక్కు ఉండేది. రాజును సందులోకి తప్పించడమే రెండిటి పనీ.) నల్ల గుర్రం ఆ బంటును తినేసింది. తిన్నది అరిగేలోపే కాస్పరోవ్ మంత్రి ముందు బంటును రెండు గళ్ళు తోశాడు. నల్ల గుర్రం వెనక్కి తగ్గి, తగ్గుతూనే తెల్ల శకటు మీద కాలు దువ్వింది. శకటు చావబోయే ముందు మొదట గురిపెట్టిన గుర్రాన్ని పట్టుకుపోయింది.

ఇక్కడ క్రామ్నిక్ ఆ శకటును ఏ బంటుతో కొట్టాడో చూడాలి. బంటుతో కొట్టేటప్పుడు నడిమి వైపుకు కొట్టాలి, అంచు వైపుకు కాదు అని ఆట నేర్పే ప్రతివాడూ చెబుతాడు. క్రామ్నిక్ అంచు వైపుకే కొట్టాడు. మంత్రి ముందున్న బంటు పక్క వరసలోకి వెళ్ళి, అక్కడున్న తోటి బంటు ముందు నిలబడింది. ఒకే వరసలో ఒకదాని వెనక ఒకటి, రెండు బంట్లు. బడిపిల్లవాడు ఇలా ఆడితే మాస్టారు మొట్టికాయ వేస్తారు. ఏడో ఎత్తులో తెల్ల బంటు నడిమి బంటును తిని గుర్రాన్ని కసిరింది, గుర్రం పక్కకు దూకింది, దాంతో మంత్రులిద్దరి మధ్యా దారి తెరుచుకుంది. ఎనిమిదో ఎత్తులో తెల్ల మంత్రి నల్ల మంత్రిని కొట్టింది. నల్ల రాజు ఆ మంత్రిని కొట్టాడు. రాజు కదిలాడు కాబట్టి ఇక కోట కట్టుకునే హక్కు పోయింది.

బోర్డు మీద ఏం మిగిలిందో లెక్క చూడండి. చెరో ఏడు బంట్లు. రాజు వైపు తెల్లవి నాలుగు, నల్లవి మూడు. మంత్రి వైపు నల్లవి నాలుగు, తెల్లవి మూడు. పైకి సమానమే. కానీ తెల్లవాడి నాలుగూ విడివిడి వరసల్లో ఉన్నాయి. ఓపిగ్గా నడిపితే వాటిలోంచి ఒకటి అవతలి ఒడ్డుకు దారి చేసుకుంటుంది. నల్లవాడి నాలుగింటిలో రెండు ఒకే వరసలో చిక్కుకున్నాయి. వాటితో ముందుకు దారి చేసుకోవడం కుదరదు. అంటే మిగతా పావులన్నీ మార్చేసుకుని రాజులూ బంట్లూ మాత్రం మిగిలాయా, తెల్లవాడిదే గెలుపు. నల్ల రాజేమో నడి వరసల్లో, కోట లేక, ఏనుగుల దారికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. కాగితం మీద చూస్తే, ఏ తెలివైనవాడూ నల్ల పక్షం కోరుకోడు. అప్పటి కంప్యూటర్ ప్రోగ్రాములు కూడా ఈ స్థితిని చూసి తెల్లదే పైచేయి అని చెప్పేవి.

అయితే క్రామ్నిక్ దగ్గర రెండు శకట్లూ భద్రంగా ఉన్నాయి, కాస్పరోవ్‌కు ఒకటే మిగిలింది. ఆ ఒక్క శకటు నల్ల గళ్ళ మీద నడిచేది. దాని దారికి అడ్డం ఎవరంటే ముందుకు దూసుకొచ్చిన తన సొంత బంటే, అదీ నల్ల గడిలోనే కూర్చుంది. ఆ బంటు చుట్టూ ఉన్న తెల్ల గళ్ళు కాపలా లేక నల్ల గుర్రానికీ శకటుకూ మకాములయ్యాయి. తెల్లవాడి నాలుగు బంట్లు కదలాలంటే ఆ గళ్ళ మీదుగానే కదలాలి. కదలనివ్వరు. ఇక నడివీధిలో చిక్కుకున్న రాజు సంగతా? మంత్రులు లేని బోర్డు మీద రాజును తరిమి పట్టే నాథుడే తక్కువ. రాజు నింపాదిగా నడుచుకుంటూ మంత్రి వైపు మూలకు చేరతాడు, చేరి అక్కడి బంట్లను తానే కాస్తాడు. కోట లేనివాడు కాలినడకన ఇల్లు చేరినట్టు.

ఎనిమిదో ఎత్తు తరవాత పదిహేడు ఎత్తులు ఇదే తంతు. నాకు ఈ ఆటలో అన్నిటికన్నా నచ్చింది ఆ నల్ల గుర్రం నడక. మూడో ఎత్తులో బయల్దేరింది. నాలుగులో బంటును తింది, అయిదులో వెనక్కి తగ్గింది, ఏడులో పక్కకు దూకింది. 13వ ఎత్తులో వెనక్కి, 14లో పక్కకు, 24లో మళ్ళీ వెనక్కి. 25వ ఎత్తులో, అంటే ఆటలో ఆఖరి ఎత్తులో, ఏడో ఎత్తున నిలబడ్డ గడిలోకే వచ్చి కూర్చుంది. 25 ఎత్తుల్లో ఎనిమిది ఆ ఒక్క గుర్రానివే. రాజు నాలుగుసార్లు కదిలాడు: మంత్రిని కొట్టి ఒకసారి, పక్క గడికి ఒకసారి, మూల వైపుకు ఒకసారి, మళ్ళీ వెనక్కి ఒకసారి. కాస్పరోవ్ ఈలోగా గుర్రాలను తిప్పాడు, ఏనుగును నడి వరసకు తెచ్చాడు, 24వ ఎత్తులో రాజు వైపు బంటును తోశాడు కూడా. ఎక్కడా సందు దొరకలేదు. నల్లవాడు ఏమీ చేయనట్టే కనిపిస్తాడు. ఏమీ చేయకుండా నిలబడగలిగే చోటు వెతికి పట్టుకోవడమే అతను చేసిన పని.

కాస్పరోవ్ ఆట తెలిసినవాళ్ళకు ఇది ఎక్కడ గుచ్చుకుందో తెలుస్తుంది. ఆయన బలం చొరవలో ఉంది. మంత్రి బోర్డు మీద ఉండాలి, పావులన్నీ ఒక్కుమ్మడిగా ఎదుటి రాజు మీద పడాలి, ఇంటి దగ్గర నెలల తరబడి నూరి పెట్టుకున్న కొత్త ఎత్తు సమయానికి బయటికి రావాలి. 1999 జులైలో ఆయన రేటింగు 2851. అంతకు ముందు ఆ ఎత్తుకు ఎవరూ వెళ్ళలేదు. అలాంటివాడికి మంత్రిని ఎనిమిదో ఎత్తులోనే తీసేసుకుని, ‘ఇప్పుడు గెలవండి’ అంటే? వంటింట్లో నిలబడి చూసినవాడు కాబట్టి క్రామ్నిక్‌కు తెలుసు, ఏ డబ్బా లేకపోతే గురువుగారి పప్పులు ఉడకవో.

ఒక పోటీలో నల్ల పావులతో డ్రా అంటే నష్టం లేదనే లెక్క కూడా మరవకూడదు. తెల్లవాడికి ముందు నడిచే వీలుంది, గెలవాల్సిన బాధ్యతా ఉంది. నల్లతో ప్రతిసారీ డ్రా చేయగలిగితే, తెల్లతో ఒకటి రెండు గెలిస్తే పోటీ ముగిసినట్టే.

అచ్చం అదే జరిగింది. రెండో ఆటలో క్రామ్నిక్ తెల్ల పావులతో గెలిచాడు. మూడో ఆటలో కాస్పరోవ్ మళ్ళీ రాజు బంటే తోశాడు, మళ్ళీ బెర్లినే ఎదురైంది. ఈసారి 53 ఎత్తులు తవ్వాడు. డ్రా. అయిదో ఆటలో, ఏడో ఆటలో ఆ దారి వదిలేసి వేరే బంటుతో మొదలుపెట్టాడు. ఏడో ఆట 11 ఎత్తుల్లో డ్రా అయిపోయింది. ప్రపంచ విజేత, ఒక పాయింటు వెనకబడి, తెల్ల పావులు చేతిలో పెట్టుకుని 11 ఎత్తులకే చేయి చాచడం! నన్నడిగితే ఆ పోటీ మనసులో ముగిసింది ఆ రోజే. తొమ్మిదో ఆటలో మళ్ళీ బెర్లిన్‌కు వచ్చాడు, 33 ఎత్తుల్లో డ్రా. పదో ఆటలో క్రామ్నిక్ 25 ఎత్తుల్లోనే గెలిచేశాడు. 13వ ఆటలో నాలుగోసారి బెర్లిన్, 14 ఎత్తుల్లో డ్రా. నవంబరు 2న 15వ ఆట కూడా డ్రాగా ముగిసేసరికి లెక్క 8½–6½. పదహారో ఆట అవసరం లేకపోయింది. కాస్పరోవ్ ఎనిమిదిసార్లు తెల్ల పావులతో కూర్చున్నాడు, ఒక్కసారీ గెలవలేదు. పోటీ మొత్తంలో ఒక్క ఆట గెలవకుండా కిరీటం పోగొట్టుకున్న విజేత అంతకు ముందు ఒక్కడే, 1921లో హవానాలో కాపాబ్లాంకా చేతిలో ఓడిన లాస్కర్. ఆ లాస్కర్ ఒకప్పుడు బెర్లిన్ ఆడినవాడే అని పైన చెప్పాను.

ఆ పోటీతోనే ఆ ఓపెనింగుకు ‘బెర్లిన్ గోడ’ అని పేరు పడింది. ఇక్కడ ఒక తమాషా. అసలు బెర్లిన్ గోడ తెరుచుకున్నది 1989 నవంబరు 9న. కాస్పరోవ్ అప్పటి విజేత కార్పోవ్‌ను ఓడించి తొలిసారి ప్రపంచ విజేత అయింది 1985 నవంబరు 9న. మరో వారం ఆగితే కిరీటానికి సరిగ్గా 15 ఏళ్ళు నిండేవి.

ఇంకో సంగతి. డ్రాలను ఆయుధం చేసుకోవడం క్రామ్నిక్ కనిపెట్టిన విద్యేమీ కాదు, కాస్పరోవ్ సొంత చరిత్రలోనే ఉంది. 1984లో మాస్కోలో కార్పోవ్‌తో తొలి పోటీ. ఎవరు ముందు ఆరు ఆటలు గెలిస్తే వాళ్ళది కిరీటం, డ్రాలు లెక్కలోకి రావు. తొమ్మిది ఆటలయ్యేసరికి 21 ఏళ్ళ కాస్పరోవ్ నాలుగు ఓడిపోయి ఉన్నాడు. ఇంకో రెండు ఓడితే ఇంటికే. అప్పుడు ఏం చేశాడంటే, పదో ఆట నుంచి 26వ ఆట దాకా వరసగా 17 డ్రాలు. కార్పోవ్‌ను అలా వారాల తరబడి నానబెట్టాడు. 27వది కార్పోవ్ గెలిచినా, తరవాత కాస్పరోవ్ మూడు గెలిచాడు. 48 ఆటల్లో 40 డ్రాలయ్యాక 1985 ఫిబ్రవరిలో సమాఖ్య అధ్యక్షుడు కాంపొమానెస్ పోటీనే ఆపేశాడు. చావబోయి బతికిన కాస్పరోవ్ అదే ఏడు నవంబరులో విజేత అయ్యాడు. గోడ కట్టి బతికినవాడే పదిహేనేళ్ళ తరవాత గోడ ముందు ఆగిపోయాడు.

2000 తరవాత బెర్లిన్ అటక దిగి నట్టింట్లోకి వచ్చింది. మనవాడి కథలోకీ వచ్చింది. 2013లో చెన్నైలో, సొంత ఊళ్ళో, ఆనంద్ ప్రపంచ కిరీటాన్ని కాపాడుకునే పోటీలో మాగ్నస్ కార్ల్‌సన్ నాలుగో ఆటలో నల్ల పావులతో బెర్లిన్ ఆడాడు, 64 ఎత్తుల్లో డ్రా. ఆరో ఆటలోనూ అదే, ఈసారి కార్ల్‌సన్ గెలిచాడు. మరుసటి ఏడు సోచీలో మళ్ళీ వాళ్ళిద్దరే. ఏడో ఆటలో ఆనంద్ నల్ల పావులతో బెర్లిన్‌లో దిగి, చివరికి ఏనుగూ గుర్రమూ ఉన్న కార్ల్‌సన్ మీద ఒంటి ఏనుగుతో నిలబడి, 122వ ఎత్తున డ్రా చేసుకున్నాడు. ప్రపంచ పోటీల చరిత్రలో అంతకంటే పొడుగు ఆట అప్పటికి ఒక్కటే, 1978లో కార్పోవ్, కోర్చ్‌నోయ్ ఆడిన 124 ఎత్తుల ఆట. పదకొండో ఆటలో మళ్ళీ బెర్లిన్. ఈసారి ఆనంద్ 27వ ఎత్తులో ఏనుగును శకటుకు ఒడ్డాడు, అది బెడిసికొట్టింది, పోటీ అక్కడితో ముగిసింది. గోడ ఎవరికీ చుట్టం కాదు.

ఈ ఓపెనింగుకు పట్టిన తెగులు గురించి కూడా చెప్పాలి. ఇద్దరూ కూడబలుక్కున్నట్టు ఆడితే బెర్లిన్‌లో ఒక అడ్డదారి ఉంది. ఆరో ఎత్తులో తెల్లవాడు శకటును వదిలేసి బంటును తింటాడు, గుర్రాలు రెండూ ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. కాసేపటికి తెల్ల మంత్రి ‘చెక్’ అంటుంది, నల్ల మంత్రి అడ్డం వస్తుంది, తెల్ల మంత్రి వెనక్కి వెళ్తుంది, నల్ల మంత్రీ వెనక్కి వెళ్తుంది. అదే స్థితి మూడుసార్లు వస్తే నిబంధన ప్రకారం డ్రా. అంతా కలిపి పదిహేను ఎత్తుల లోపు. గ్రాండ్‌మాస్టర్లు ఇవాళ్టికీ ఎదురుపడి, ఇదంతా గడగడా అప్పజెప్పేసి లేచిపోతుంటారు. డ్రాకు నేను వకాల్తా పుచ్చుకున్నానని ఎవరైనా అనుకుంటే, ఆ పదిహేను ఎత్తులకు మాత్రం కాదు. ఇలాంటి బేరాలు కట్టడి చేయాలనే 2005లో బల్గేరియాలోని సోఫియా టోర్నమెంటువాళ్ళు, ఆటగాళ్ళు తమలో తాము డ్రాకు ఒప్పుకోవడం నిషేధించారు. ఆ నిబంధనకు సోఫియా పేరే నిలిచింది. అయినా మూడుసార్ల తిరుగుడును ఏ నిబంధన ఆపుతుంది?

లండన్ ఓటమి తరవాత మళ్ళీ ఆడదామని కాస్పరోవ్ అడిగాడు. వాళ్ళిద్దరి మధ్య కిరీటం కోసం రెండో పోటీ జరగలేదు. కానీ 2001లో కజక్‌స్తాన్ రాజధాని అస్తానాలో జరిగిన టోర్నమెంటు ఆఖరి రౌండులో ఇద్దరూ ఎదురుపడ్డారు. కాస్పరోవ్ రాజు బంటు తోశాడు. క్రామ్నిక్ బెర్లిన్ ఆడాడు. మంత్రులు దిగిపోయారు. ఈసారి గోడ కూలింది, కాస్పరోవ్ గెలిచి మొదటి బహుమతి పట్టుకుపోయాడు. 2005 మార్చిలో ఆయన పోటీ చదరంగం మానేశాడు.

వచ్చే భాగంలో 2002 ప్రాగ్ ఒప్పందం, రెండు కిరీటాలను కలపబోయి పడ్డ పాట్లు. ఈలోగా మీకో పని. పైన చెప్పిన ఎనిమిది ఎత్తులూ ఆడి స్థితిని బోర్డు మీద పేర్చండి. రాజుల్నీ బంట్లనీ ఉంచి మిగతా పావులన్నీ తీసేయండి. తెల్ల పక్షం మీరు తీసుకుని ఇంట్లో ఎవరితోనైనా ఆడండి, నిదానిస్తే గెలుస్తారు. తరవాత తీసిన పావులన్నీ ఎక్కడివక్కడ పెట్టి, అదే మనిషితో మళ్ళీ తెల్ల పక్షమే ఆడండి. ఏమైందో నాకు ఉత్తరం రాయండి.

(సశేషం)